రెండు స్కాన్లు తీస్తే రెండు రకాలుగా వచ్చాయి. ఏది నేను?

గోంగూరపచ్చడి:
మేం ఒహాయోలో ఉంటాం. ఇక్కడ ఒక యూనివర్సిటీలో మెదడు స్కాన్ పరిశోధనకి వాలంటీరుగా వెళ్ళాను, నెల తేడాతో రెండుసార్లు. తల కదలకుండా అటూ ఇటూ మెత్తలు కుక్కి, భయమేస్తే నొక్కమని చేతిలో రబ్బరు బంతి పెట్టి గొట్టంలోకి తోశారు. లోపల ఒకటే మోత. తెర మీద పైన ఒక ముఖం, కింద రెండు. అన్నీ కోపంగానో భయంగానో ఉన్నవే. పైదానికి ఏది జతో చూసి బటన్ నొక్కాలి.

తర్వాత అక్కడ పనిచేసే కుర్రాడు చనువుకొద్దీ రెండు బొమ్మలూ చూపించాడు. మొదటిసారి అమిగ్డాల (భయం లాంటి వాటికి స్పందించే మెదడు భాగం) దగ్గర ఎర్రగా ఉంది. రెండోసారి ఉందంటే ఉంది. "అయితే నీ టెన్షన్ తగ్గిందన్నమాట" అని మా ఆయన సంబరం. నేనేమో గ్యాస్ కట్టేశానా లేదా అని ఇప్పటికీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వస్తూనే ఉన్నాను. వాళ్ళిచ్చిన ప్రశ్నల కాగితంలోనూ రెండుసార్లూ దాదాపు అవే టిక్కులు పెట్టాను. ఏది నమ్మాలి?

లూప్‌లైన్:
టిక్కుల్నే నమ్మండి. ఇలాంటి డేటాతో ఆరేళ్ళుగా కుస్తీ పడుతున్నాను కాబట్టి చెప్తున్నా. ఆ ఎరుపు మీ భయం కాదు, అక్కడి రక్తంలో ఆక్సిజన్ మార్పుని లెక్కగట్టి వేసిన రంగు. అమిగ్డాల బాదం గింజంత. సైనస్‌లలోని గాలి వల్ల ఆ చుట్టుపక్కల సిగ్నల్ చెడుతుంది. తల రవ్వంత కదిలినా గోలే. పైగా అవే ముఖాలు మళ్ళీ చూస్తే స్పందన తగ్గిపోతుంది.

2020లో ఎలియట్ అనే పరిశోధకుడి బృందం ఇలాంటి స్కాన్ ప్రయోగాలు 90 కలిపి చూస్తే, అదే మనిషికి మళ్ళీ తీసినప్పుడు పొంతన 0.4 దగ్గరే ఆగింది. పూర్తిగా కలిస్తే 1 రావాలి. చిత్రమేమిటంటే అందరి సగటూ తీస్తే ఈ ముఖాల పరీక్ష భేషుగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే దాదాపు అందరిలోనూ ఒకేలా స్పందన తెప్పిస్తుంది. అందుకే మనిషికీ మనిషికీ తేడా చెప్పలేదు. క్లాసులో అందరికీ 95 పైనే వచ్చే పరీక్ష పెట్టి ర్యాంకులు ఇవ్వమంటే ఎలా? ఆ కుర్రాడు బొమ్మలు చూపించకుండా ఉండాల్సింది.

పులసప్రియుడు:
2009లో బెనెట్ అనే ఆయన చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ళ మనసులో ఏముందో చెప్పమన్నాడు. ఒకేసారి వేల చోట్ల వెతికితే కొన్ని ఉత్తినే వెలుగుతాయి కదా, దానికి తగ్గట్టు లెక్కలు సరిదిద్దకపోతే చేప మెదడూ వెలిగింది! 2012లో దీనికి ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు.

పెద్దబాలశిక్ష:
అలాగని అంతా కొట్టిపారేయకండి. రెండో ఏట బిడియస్తులని తేలిన పిల్లల్ని పెద్దయ్యాక ష్వార్ట్జ్, కేగన్ బృందం స్కాన్ చేసింది, 2003లో. కొత్త ముఖాలకి వాళ్ళ అమిగ్డాల మిగతావాళ్ళ కంటే ఎక్కువ స్పందించింది.

లూప్‌లైన్:
నిజమే. కానీ అక్కడ ఉన్నది 22 మంది, తేలింది రెండు గుంపుల మధ్య తేడా. ఒక్క మనిషి సంగతి దాన్నిబట్టి చెప్పలేం. అన్నట్టు గోంగూర గారూ, రెండోసారి కాఫీ తాగి వెళ్ళారా? కెఫీన్ మెదడుకి రక్తప్రవాహం తగ్గిస్తుంది. దాంతో సిగ్నలూ మారుతుంది.

గోంగూరపచ్చడి:
మొదటిసారి పరగడుపునే వెళ్ళాను. రెండోసారి రెండు గ్లాసులు. భయపడతానని మా ఆయనే కలిపిచ్చారు.