కనుముక్కు తీరు, తీర్చిదిద్దడం: ఏది ముందు?

బొమ్మలు నేర్పేటప్పుడు వాడే 'కన్‌స్ట్రక్షన్' అనే మాటకు, అంటే వివరాల జోలికి పోకముందే మొత్తం ఆకారాన్ని తేలిక గీతలతో నిలబెట్టుకోవడానికి, తెలుగులో ఏమనాలని పోయిన వారం ఇక్కడ ఒకరు అడిగారు. నిర్మాణం, చట్రం, ఆకృతీకరణ అని జవాబులొచ్చాయి. నేను ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. ఈ మూడు మాటలూ వాళ్ల దగ్గర వాడి చూశాను. నిర్మాణం అంటే వాళ్లకు పక్క వీధిలో లేస్తున్న బిల్డింగే గుర్తొస్తుంది. చట్రం అంటే ఫొటో ఫ్రేమ్ అనుకున్నారు. ఆకృతీకరణ అన్నప్పుడు నా మొహం చూస్తూ కూర్చున్నారు.

చివరికి పనికొచ్చింది మనం రోజూ వాడే మాటే: తీర్చిదిద్దడం.

దీన్ని ఒక్క మాటలా అనేస్తాం గానీ ఇందులో రెండు పనులున్నాయి. తీర్చడం అంటే దేన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టడం. బారులు తీరుస్తాం, ముగ్గు తీరుస్తాం. దిద్దడం అంటే ముందే ఉన్నదాని మీద మళ్లీ చేయి నడపడం. పలక మీద అక్షరాలు దిద్దుతాం, కనుబొమలు దిద్దుతాం, తప్పులు దిద్దుతాం. కింద ఏదో ఒకటి లేకపోతే దిద్దడానికి వీలే లేదు. ఎవరైనా అందంగా ఉంటే 'కనుముక్కు తీరు బాగుంది' అంటాం. కన్ను బాగుందనో ముక్కు బాగుందనో విడిగా చెప్పడం లేదు, అవి కుదురుకున్న పద్ధతిని మెచ్చుకుంటున్నాం. తల బొమ్మ నేర్చుకునేవాళ్లకు మొదట అర్థం కావలసింది ఆ కుదురే.

మా క్లాసులో పదేళ్ల పాప ఒకతి వాళ్ల అమ్మమ్మ బొమ్మ మొదలుపెట్టింది. ముందు ఎడమ కన్ను వేసింది. గుడ్డు, నల్లపాప, అందులో చిన్న తెల్లని మెరుపు, ఒక్కొక్క రెప్పవెంట్రుకా వేసింది. ఇరవై నిమిషాలు పట్టింది, చాలా బాగా వచ్చింది. రెండో కన్ను దగ్గరకొచ్చేసరికి అది మొదటిదానికంటే పైకి పోయింది. ముక్కు కింద నోటికి చోటు చాలలేదు. కాగితం పై అంచు అయిపోయి నుదురు సగమే వచ్చింది, అమ్మమ్మ ముడి అసలు లేదు. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. దిద్దడం బాగానే వచ్చిన పిల్ల అది. తీర్చడం ఎవరూ చెప్పలేదు, అంతే.

తీర్చే పద్ధతుల్లో ఇప్పుడు చాలామంది నేర్పేది ఆండ్రూ లూమిస్ అనే అమెరికన్ చిత్రకారుడి (1892–1959) పేరుతో ఉన్నది. ముందు ఒక బంతి. బంతికి రెండు పక్కలా పల్చగా ఒక చెక్కు తీసేయాలి, కమలాపండుకు తీసినట్టు. చదునుగా మిగిలిన ఆ గుండ్రటి చోట్లే కణతల వైపులు. ఎదురుగా నడి మధ్యన పైనుంచి కిందికి ఒక గీత, బంతి నడుమున అడ్డంగా చుట్టూ ఒక గీత. ఆ అడ్డగీత దగ్గర కనుబొమలు వస్తాయి. తర్వాత బంతి కింద దవడ తగిలించాలి.

ఈ గీతలకు మన పిల్లలకు తెలిసిన పేర్లు వెతికితే ఎన్ని దొరికాయో! నిలువు గీత పాపిట దగ్గర మొదలై, బొట్టు పెట్టుకునే చోటు మీదుగా, ముక్కుదూలం వెంట గడ్డం దాకా దిగుతుంది. ముక్కుదూలం అన్న మాటే చూడండి. ఇంటికి దూలం ఉన్నట్టు ముక్కుకూ ఉందని మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టేశారు. దూలం అనగానే దానికో పై ముఖం, రెండు పక్కలు, ఒక అడుగు ఉంటాయని పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. ముక్కుకు నీడ వేయడం సగం అక్కడే వచ్చేస్తుంది.

అడ్డగీతకు నేను వాడే పోలిక బాసికం. పెళ్లిలో బాసికం నుదుటి మీద ఉంటుంది, దాని దారం కణతల మీదుగా తల వెనక్కి పోతుంది. పెళ్లికూతురు తల వంచినప్పుడు చూడండి, ఆ దారం నడుమ కిందికి ఒంగిన విల్లులా కనిపిస్తుంది, చెవులు పైకి పోయినట్టు ఉంటాయి. తల ఎత్తితే విల్లు తిరగబడుతుంది. తల వంచిన బొమ్మలో కూడా కనుబొమల గీతను స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తే మొహం రేకు ముక్కలా తయారవుతుంది. 'చుట్టూ తిరిగే గీత' అని పదిసార్లు చెప్పినా ఎక్కలేదు, బాసికం అనగానే ఎక్కింది.

ఇక కొలతలు. తల ఎత్తు మొత్తం ఏడు పాళ్లు అనుకోండి. నడినెత్తి నుంచి ఒక పాలు దిగితే జుట్టు మొదలు, ఇంకో రెండు దిగితే కనుబొమలు, ఇంకో రెండు దిగితే ముక్కు అడుగు, మిగిలిన రెండు గడ్డం అంచు దాకా. కళ్లు సరిగ్గా సగంలో, అంటే మూడున్నర దగ్గర. ఎవరూ నమ్మరు ఈ మాట. కళ్లు ఇంకా పైన ఉంటాయనే అందరికీ అనిపిస్తుంది, ఎందుకంటే మనం మొహాన్నే చూస్తాం, తలను చూడం. చెవి ఎత్తు కనుబొమ నుంచి ముక్కు అడుగు దాకా. అడ్డంగా అయిదు కళ్ల వెడల్పు, రెండు కళ్ల మధ్య ఒక కన్ను పట్టేంత చోటు. ఇవన్నీ సగటు లెక్కలు. అమ్మమ్మది అమ్మమ్మలా రావాలంటే ఎక్కడ ఎంత తేడా ఉందో చూసి జరపాలి.

ఇక్కడ పిల్లలకు కలిగే గందరగోళం ఒకటుంది: కళ్లు సగంలో అంటారు, మూడు సమభాగాలనీ అంటారు, ఏది నిజం? రెండూ నిజమే. సగం లెక్క తలది, మూడు సమభాగాల లెక్క మొహానిది. తలకు తలంటు, మొహానికి కడుక్కోవడం అని మన భాష విడిగానే ఉంచింది కదా. మొహం కడుక్కుంటే తడిసే మేర, అంటే జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా, మూడు సమభాగాలు. తలంటుకుంటే నూనె పట్టించే నెత్తిని కూడా కలుపుకుంటే కళ్లు సగంలోకి వస్తాయి.

ఈ మూడు సమభాగాల లెక్క మనకు కొత్తేమీ కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమల కొలతలు చెబుతూ ముఖం పొడవు 12 అంగుళాలన్నాడు (ఈ అంగుళం ఇంచీ కాదు, విగ్రహాన్ని బట్టి మారే కొలత, కింద చెప్తాను). నుదురు, ముక్కు, గడ్డం నాలుగేసి అంగుళాలు. చెవులూ నాలుగే. పైన చెప్పిన రెండు, రెండు, రెండుతో సరిగ్గా కలుస్తుంది. అదే చోట, నగ్నజిత్తు అనే పాత శిల్పశాస్త్రకారుడు ముఖం పొడవు 14 అంగుళాలన్నాడనీ అది ద్రావిడ కొలత అనీ కూడా చెప్పాడు. దక్షిణాది పద్ధతి వేరని అప్పటికే గుర్తించి రాసి పెట్టాడన్నమాట. నాకు చాలా ఇష్టమైన మాట అది.

*

కింద వ్యాఖ్యల్లో ఇద్దరు అడిగినవాటికి జవాబులు:

విగ్రహాల కొలతల్లో వినిపించే 'తాళం' అంటే బీగమా, పాటలో వేసే తాళమా అని ఒకరు అడిగారు. శిల్పుల తాళం ఈ రెండూ కాదు. అది పొడవు కొలత, 12 అంగుళాలు. అరచెయ్యి మణికట్టు నుంచి నడివేలి కొస దాకా ఎంతుంటుందో అంత, మొహం కూడా అంతే. మీ అరచెయ్యి అడుగును గడ్డానికి ఆనించి మొహం మీద పరచండి, నడివేలు ఇంచుమించు జుట్టు మొదలుకు అందుతుంది. క్లాసులో పిల్లలందరూ ఒకేసారి మొహాలు మూసుకుని చూశారు. నవతాళ విగ్రహం అంటే ఇలాంటివి తొమ్మిది, 108 అంగుళాలు. ఈ అంగుళం టేపు మీది ఇంచీ కాదు. విగ్రహం ఎంత ఎత్తుంటే దాన్ని 108 భాగాలు చేస్తే వచ్చేది. అందుకే గుప్పెడంత బొమ్మకూ గోపురమంత బొమ్మకూ ఒకే లెక్క సరిపోతుంది.

పసిపిల్లల బొమ్మ గీస్తే పెద్దవాళ్లలా వస్తోందని ఇంకొకరు రాశారు. వాళ్లకు పుర్రె ముందు పెరుగుతుంది, దవడ తర్వాత పెరుగుతుంది. కాబట్టి కళ్లను సగం గీతకు కిందికి దించండి, గడ్డం కురచ చేయండి. పుట్టినప్పుడు తల ఒక్కటే ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, పెద్దయ్యాక ఏడో వంతుకు కాస్త అటూ ఇటూ.

ఆ పాప తర్వాతి ఆదివారం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కాగితం మీద ముందు అమ్మమ్మ ముడి కొస ఎక్కడొస్తుందో, గడ్డం ఎక్కడొస్తుందో రెండు చిన్న గీతలు పెట్టుకుంది. కన్ను జోలికి పోవడానికి అరగంట పట్టింది.

నాకు ఒక్క మాట కావాలి. తల వెనక, మెడ మొదలయ్యే చోట ఉండే పల్లాన్ని మా ఇంట్లో ముచ్చిలిగుంట అంటారు. పక్కనుంచి తల గీసేటప్పుడు ఆ గుర్తు చాలా అవసరం. మీ వైపు ఏమంటారు?