మందుల షాపులో ఫోన్ నంబరు ఇవ్వకపోవడం తప్పా, తప్పుడు నంబరు ఇవ్వడం తప్పా?

పెసర చేను
మొన్న మా ఊళ్లోని ఒక మందుల షాపులో పది పారాసిటమాల్ మాత్రలు కొని నగదు ఇచ్చాను. కౌంటర్‌లోని అబ్బాయి ఫోన్ నంబరు అడిగితే ఇవ్వనన్నాను. నంబరు కొట్టనిదే బిల్లు రాదన్నాడు. నా వెనుక ఐదుగురు నిలబడి ఉన్నారు. వారిలో ఒకాయన "చెప్పేస్తే పోతుంది కదండీ" అని విసుక్కున్నారు. చివరికి నా నంబరులోనే ఆఖరి రెండు అంకెలను తారుమారు చేసి చెప్పి, మాత్రలు తీసుకుని బయటపడ్డాను.

బిల్లు ఇవ్వడానికి కొనుగోలుదారుల ఫోన్ నంబరు కోసం పట్టుపట్టవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపార సంఘాలకు సూచన పంపింది. అలా పట్టుపట్టడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని కూడా చెప్పింది. కౌంటర్ దగ్గర ఆ సంగతి చెబితే వినేవారెవరు? అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నగదు ఇచ్చి కొన్న వస్తువుకు నేనెవరో చెప్పకుండా ఉండే హక్కు నాకు ఉందా, లేదా? ఉంటే, దాన్ని కాపాడుకోవడానికి తప్పుడు నంబరు చెప్పడం తప్పవుతుందా?

ఏలూరు మాస్టారు
పెసర చేను బాబూ, మీరు కొన్నది పారాసిటమాలే కదా, దానికి ఇంత దాపరికం ఎందుకో నాకు బోధపడలేదు. మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఎవరు ఏ దుకాణానికి వెళ్లినా నా నంబరే చెబుతారు. బిల్లులన్నీ నా ఫోనుకే వస్తాయి, పాయింట్లన్నీ ఒక్కచోటే చేరతాయి, నెలాఖరున ఇంటి ఖర్చు చూసుకోవడానికి నాకు వేరే పద్దు పుస్తకం అక్కర్లేదు. మా ఆవిడ బీపీ మాత్ర మోతాదు ఎంతో ఒకసారి మరిచిపోతే, షాపువాళ్లు నా నంబరు కొట్టి పాత బిల్లు తీసి చూపించారు. ఫేస్‌బుక్‌లో పెళ్లిరోజు ఫొటోలు పెట్టుకుని, ఫోనులోని ప్రతి యాప్‌కూ అడిగిన అనుమతులన్నీ ఇచ్చేసి, మాత్రల షీటు దగ్గర మాత్రం గోప్యత గుర్తుకు రావడం వింతగా ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎందుకు?

నిద్రగన్నేరు
పెసర చేను గారు నగదు ఇచ్చారు కాబట్టి సరిపోయింది. యూపీఐతో చెల్లించేవారి పేరు ఎలాగూ షాపువారికి కనిపిస్తుంది. యూపీఐ ఐడీయే ఫోన్ నంబరుతో మొదలవుతుంటే నోటితో చెప్పకపోయినా చెప్పినట్టే. నంబరు లేని ఐడీని యాప్‌లో సృష్టించుకోవచ్చు, రెండు నిమిషాల పని.

గాలిపటం
నంబరు ఇవ్వాలా వద్దా అన్న చర్చలోకి నేను రాను. తారుమారు చేసిన నంబరు గురించి మాత్రమే మాట్లాడతాను, ఎందుకంటే అలాంటి నంబరు ఒకటి నా దగ్గర ఉంది.

నాది గుర్తుపెట్టుకోవడానికి తేలికైన నంబరు. నోటికొచ్చిన పది అంకెలు చెప్పేవారిలో చాలామందికి నా నంబరే నోటికి వస్తుంది. వారు కొన్న చీరలు, చెప్పులు, ప్రెషర్ కుక్కర్లు నా ఫోనుకు బిల్లులుగా వస్తాయి. వాటితో నాకు ఇబ్బంది లేదు. కానీ ఒకరెవరో మూడేళ్ల పాటు ప్రతి నెలా మొదటి వారంలో ఇన్సులిన్ కొన్నారు. ఆ బిల్లులూ నాకే వచ్చాయి. లింకు తెరిస్తే మందు పేరు, మోతాదు, రాసిన డాక్టరు పేరు, అన్నీ కనిపించేవి. మధ్యలో మోతాదు పెరిగింది. ఒక సంక్రాంతి తర్వాత బిల్లులు ఆగిపోయాయి. వారు షాపు మార్చారో, ఊరు మారారో, మరేమైనా జరిగిందో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. నేను అడగని సమాచారాన్ని నా నెత్తిన పెట్టి వెళ్లిన ఆ మనిషి, పెసర చేను గారిలాగే, తన గోప్యతను కాపాడుకున్నాననే అనుకుని ఉంటారు.

వరంగల్ ఫార్మసిస్టు
నేను పద్నాలుగేళ్లుగా మందులు అమ్ముతున్నాను కాబట్టి ఒక మాట. షెడ్యూల్ హెచ్1 కింద ఉన్న కొన్ని యాంటీబయాటిక్‌లు, నిద్రమాత్రల వంటివాటికి 2014 నుంచి మేము విడిగా రిజిస్టరు రాయాలి. రోగి పేరు, మందు రాసిన డాక్టరు పేరు, చిరునామా, మందు పేరు, పరిమాణం అందులో ఉండాలి, మూడేళ్లు దాచాలి. అందులో ఫోన్ నంబరు గడి లేదు. పారాసిటమాల్‌కైతే ఆ రిజిస్టరే అక్కర్లేదు. మీ నంబరు లేకపోతే ఆగిపోయేది చట్టం కాదు, షాపు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్.

ఏలూరు మాస్టారు
ఫార్మసిస్టు గారు చట్టం ఎత్తారు కాబట్టి నేనూ చదివి వచ్చాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 15వ సెక్షన్ వ్యాపారులకు కాదు, మనకు విధులు చెబుతుంది. ఒక పని కోసం వివరాలు ఇచ్చేటప్పుడు మరొకరిలా నటించకూడదని అందులో ఉంది. ఆ సెక్షన్ అమలులోకి వచ్చాక ఆ విధులు తప్పితే 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. గాలిపటం గారి నంబరు తమదని చెప్పినవారు చేసింది అదే కదా? హక్కుల పేరుతో మొదలుపెట్టి అబద్ధం దగ్గర తేలడం ఏ రకమైన పౌరధర్మం?

పెసర చేను
మాస్టారూ, 15వ సెక్షన్ దాకా వెళ్లినవారు దారిలో 7వ సెక్షన్‌ను కూడా చూసి ఉండాల్సింది. చట్టం అక్కడ ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా మందుల షాపుదే: కొన్న మనిషి తనంతట తాను నంబరు ఇచ్చి, రసీదు సందేశంగా పంపమని కోరితే, ఆ రసీదు పంపడానికి షాపు ఆ నంబరును వాడవచ్చు. తనంతట తాను ఇవ్వాలి, తానే కోరాలి. నేను ఇవ్వలేదు, కోరలేదు. పైగా ఆ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారులు సమ్మతి తీసుకోవలసిన ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు, అంటే 2027 మే దాకా ఇచ్చారు. వారికి అంత వ్యవధి దొరికింది. కౌంటర్ దగ్గర నాకు దొరికింది వెనుక నిలబడినాయన విసుగు.

గాలిపటం
7వ సెక్షన్ సరే. ఆ ఆఖరి రెండు అంకెల మనిషికి మీరు ఏం సమాధానం చెబుతారు?

కౌంటర్ 4
నేను ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ చేస్తాను. ఇక్కడ అందరూ కౌంటర్‌లోని అబ్బాయి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మా దగ్గర నంబరు లేకుండా బిల్లు వస్తుంది. దాటవేసే మీట ఒకటి ఉంది. కానీ రోజు ముగిసేసరికి నూటికి ఎన్ని బిల్లులకు నంబరు తీసుకున్నామో ప్రతి కౌంటర్‌కూ లెక్క తీస్తారు. తొంభైకి తగ్గితే మరునాడు ఉదయం అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు. మీరు "లేదు" అంటే నేను మళ్లీ అడగాల్సిందే. "ఇవ్వను" అని స్పష్టంగా ఒక్కసారి అంటే నాకు కూడా తేలిక; కస్టమర్ నిరాకరించారని చెప్పుకోగలను. మరీ లెక్క తగ్గిన రోజున మాలో కొందరు పాత బిల్లులోని ఎవరో ఒకరి నంబరే కొట్టేస్తారు. గాలిపటం గారూ, మీకు వచ్చే బిల్లులన్నీ అబద్ధం చెప్పిన కస్టమర్ల వల్లే వస్తున్నాయని అనుకోకండి.

డల్లాస్ బాబాయ్
ఇక్కడ కిరాణా షాపుల్లో నంబరు కొట్టినవారికి ఒక ధర, కొట్టనివారికి ఒక ధర. గోప్యత విలువ పాల డబ్బాకు ఎంతో బోర్డు మీదే రాసి ఉంటుంది.

ఏలూరు మాస్టారు
కౌంటర్ 4 గారి కష్టం విన్న తర్వాత నా అభిప్రాయం మరింత గట్టిపడింది. ఆ పిల్లలు చీవాట్లు తినకుండా ఉండాలంటే మనం పది అంకెలు చెబితే చాలు. ప్రచార సందేశాలు వద్దనుకునేవారు 1909కి నమోదు చేసుకోవచ్చు, షాపు మీద ఫిర్యాదు ఉంటే 1915 ఉంది. ఇన్ని మార్గాలు ఉండగా ముసుగు వేసుకుని తిరగడం ఎందుకు? ఈ వేదికలో కూడా సొంత పేరు చెప్పని మనిషి నుంచి నిజాయితీ ఆశించడం నాదే పొరపాటు. దాచడానికి ఏమీ లేని ఇంట్లో ఒకే నంబరు ఉంటుంది బాబూ. మీ ఇంట్లో కూడా పెద్దవారి నంబరు ఇచ్చి చూడండి, ఎంత హాయిగా ఉంటుందో తెలుస్తుంది.

పెసర చేను
మొదట ఒక సవరణ. నేను బాబును కాను మాస్టారూ. మీరే అలా అనుకున్నారు, నేను దిద్దలేదు. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

రెండవది, పెద్దవారి నంబరు ఇచ్చి చూశాను. మా ఇంట్లో ఆ నంబరు మామగారిది. ఆయనా మీలాగే పాయింట్లు పోగుచేసే మనిషి, మంచివారు, నాతో ఏనాడూ గట్టిగా మాట్లాడలేదు. నాలుగేళ్ల క్రితం ఒక శనివారం ఆఫీసు నుంచి వస్తూ మందుల షాపులో గర్భ నిర్ధారణ కిట్ కొన్నాను. కౌంటర్‌లో నంబరు అడిగితే అలవాటు కొద్దీ ఇంటి నంబరు చెప్పాను. షాపు నుంచి ఇంటికి ఆటోలో పావుగంట. నేను గేటు తీసేసరికి మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కళ్లు చెమర్చి ఉన్నాయి. నా చేతిలోని సంచి అందుకుని "ఇక బరువులు మోయకు" అన్నారు. లోపల మామగారు ఫోనులో మా ఆడపడుచుతో మాట్లాడుతున్నారు. బిల్లు ఆయనకు చేరింది, లింకు తెరిచారు, వస్తువు పేరు చదివారు. ఆ పెట్టె నేను ఇంకా విప్పనే లేదు.

మరునాడు ఉదయం పరీక్ష చేసుకుంటే ఒకే గీత వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి నాకు ఒక్కొక్కరి దగ్గరా ఒక్కొక్క రోజు పట్టింది. ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి పెళ్లిలోనూ నా భుజం తట్టి "తొందర్లోనే అవుతుందిలే" అన్నవారు ఎంతమందో లెక్కపెట్టడం మానేశాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరి దగ్గరా నేను దాచవలసిన నేరం కూడా లేదు. ఆ మాట ముందు నాకు, తర్వాత నా భర్తకు తెలిసి ఉండాల్సింది. ముందు మా మామగారికి తెలిసింది, అంతే.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు ఇచ్చినప్పుడు, అది ప్రభుత్వానికీ కంపెనీలకూ సంబంధించిన వ్యవహారమనే నేనూ అనుకున్నాను. నా బిల్లు చదివింది ప్రభుత్వం కాదు, విదేశీ కంపెనీ కాదు. పారాసిటమాల్ కొన్నా, మరొకటి కొన్నా, అప్పటి నుంచి నేను ఏ కౌంటర్‌లోనూ అసలు నంబరు చెప్పలేదు. నా నంబరే ఇవ్వవచ్చు కదా అంటారేమో. ఇంట్లో ఫోను బల్ల మీద ఉంటే ఎవరైనా తీసి చూసే ఇల్లు మాది.

నిద్రగన్నేరు
దీనికి నా దగ్గర యాప్ సలహా లేదు.

వరంగల్ ఫార్మసిస్టు
ఆ కిట్‌కు చీటీ కూడా అక్కర్లేదు. మా షాపులో అలాంటివి కొనేవారిని నంబరు అడగవద్దని రేపు మా కుర్రాళ్లకు చెబుతాను. కానీ అవి కొన్నప్పుడు మాత్రమే అడగకపోతే, అదీ ఒక ప్రకటనే అవుతుంది. ఎవరినీ అడగకుండా ఉండాలి. మా సాఫ్ట్‌వేర్ అమ్మినవారితో మాట్లాడాలి.

గాలిపటం
పెసర చేను గారూ, చదివి చాలాసేపు ఊరుకున్నాను. మీరు నంబరు దాచడాన్ని ఇక ప్రశ్నించను. అయినా నా మాట నాకు మిగిలే ఉంది. మీ ఆఖరి రెండు అంకెలు తారుమారైనప్పుడు ఆ బిల్లు చేరిన ఇంట్లో కూడా ఒక మామగారు ఉండవచ్చు, ఆ ఇంటి కోడలు కొనని వస్తువుకు సంజాయిషీ చెప్పుకుంటూ ఉండవచ్చు. "ఇవ్వను" అనే మాట మీ నోట రావడానికి ఏమి కావాలో నాకు తెలియదు, కానీ కౌంటర్ 4 గారు చెప్పిన మీట మాత్రం ఉంది.

పెసర చేను
ఆ ఇల్లు నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

ఏలూరు మాస్టారు
నాలుగు రోజులు ఇటు రాలేదు. క్షమాపణ కోసం కాదు, జరిగింది చెప్పడానికి రాస్తున్నాను. దుకాణానికి నంబరు ఇవ్వడంలో తప్పు లేదన్న నా అభిప్రాయం మారలేదు. కానీ మా ఇంటి బిల్లులను వెనక్కి జరుపుకుంటూ చూశాను. అవి ఇంటి ఖర్చు లెక్కలని ఎనిమిదేళ్లుగా అనుకుంటున్నాను. మా కోడలు గత ఏడాది మార్చిలో వరుసగా మూడు వారాలు ఏ మందు వాడిందో అందులో ఉంది. అది దేనికి వాడతారో నాకు తెలుసు. ఆమె మాకు చెప్పలేదు. నేను ఆ బిల్లును అప్పుడే చదివాను, మొత్తం ఎంతైందో మాత్రమే చూశాను.

నిన్న సాయంత్రం ఆమెను తీసుకుని ఆ షాపుకు వెళ్లి, ఖాతా నుంచి నా నంబరు తొలగించమన్నాను. తొలగించాలంటే ఆ నంబరుకు ఓటీపీ పంపాలన్నారు, చెప్పాను. మరి కొత్త నంబరు ఏదని అడిగారు. మా కోడలు "ఇవ్వను" అంది. అబ్బాయి నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. 1,340 పాయింట్లు పోయాయి.

గాలిపటం
నా ఫోనుకు ఇవాళ ఉదయం 11 గంటల 20 నిమిషాలకు ఒక దగ్గు మందు, రెండు షీట్ల పారాసిటమాల్ బిల్లు వచ్చింది. ఈ వేదికలోని వారెవరైనా కొని ఉంటే, ఆ దగ్గు మందు గడువు వచ్చే నెలతో ముగుస్తుందని అందులో ఉంది, చూసుకోండి.