మేజర్ నంబర్ మనమే పెట్టాలా, కెర్నల్‌కే వదిలేయాలా?

కొత్తమాడ్యూల్:
మా టీమ్‌లో ఈ విషయం ఎంతకీ తేలడం లేదు. లినక్స్‌కి ఒక క్యారెక్టర్ డ్రైవర్ (డేటాను బైట్ల వరుసగా ఇచ్చిపుచ్చుకునే డివైస్‌ని నడిపే కెర్నల్ మాడ్యూల్) రాసి, మేజర్ నంబర్ (ఏ డివైస్ ఏ డ్రైవర్‌దో కెర్నల్ గుర్తుపట్టే నంబర్) 240 అని కోడ్‌లోనే పెట్టేశాం. రెండు మెషీన్లలో బాగానే లోడ్ అయింది. మూడోదానిలో మాడ్యూల్ ఎక్కించే ఇన్‌స్‌మాడ్ కొట్టగానే ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అంటోంది. వేరే నంబర్ పెడితే చాలని కొందరు, అసలు నంబర్ మనం పెట్టకూడదని కొందరు. మీరేమంటారు?

రూట్‌షెల్:
నేను స్థిర నంబర్ వైపేనండీ. మేం పనిచేసే బోర్డుల్లో, /డెవ్‌లో డివైస్ ఫైళ్లను చూసుకునే యుదెవ్ ఉండదు. రూట్ ఫైల్‌సిస్టమ్ తయారుచేసేటప్పుడే ఎంకేనోడ్ కమాండ్‌తో /డెవ్‌లో నోడ్ (మేజర్ నంబర్ రాసి ఉన్న డివైస్ ఫైల్) పెట్టేస్తాం. బూట్ అయిన ప్రతిసారీ నంబర్ మారితే ఆ నోడ్ దేనికీ పనికిరాదు. 240 వదిలేసి 60–63 లేదా 120–127లో ఒకటి తీసుకోండి. సొంత ప్రయోగాలకని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే వదిలిపెట్టిన నంబర్లవి.

బిట్‌మాస్క్:
ముందు 240 ఎందుకు దొరకలేదో చూద్దాం. క్యారెక్టర్ డివైస్‌లకు కెర్నల్ తనంతట తాను నంబర్ ఇచ్చేటప్పుడు 254 నుంచి కిందికి వెతుకుతూ 234 దాకా వస్తుంది. అవి నిండితే 511 నుంచి 384 దాకా చూస్తుంది. అంటే మీరు ఎంచుకున్న 240 సరిగ్గా కెర్నల్ పంచిపెట్టే వరుసలోనే ఉంది. ఆ మెషీన్‌లో, తీసుకున్న నంబర్ల జాబితా ఉండే /ప్రాక్/డివైసెస్ తెరిస్తే ఎవరు తీసుకున్నారో కనిపిస్తుంది.

60–63 మీ ఒక్క బోర్డులో సరే. డ్రైవర్ బయటివాళ్ల చేతికి వెళ్లాక, అదే నంబర్ ఎంచుకున్న ఇంకో డ్రైవర్ అక్కడ ఉండదని ఎవరు చెప్పగలరు? యుదెవ్ లేకపోయినా ఫర్వాలేదు. 2009లో కెర్నల్ 2.6.32తో వచ్చిన డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ (/డెవ్‌లో నోడ్లను కెర్నలే పెట్టే ఫైల్‌సిస్టమ్) ఉంటే, డ్రైవర్ డివైస్‌_క్రియేట్ పిలవగానే నోడ్ దానంతటదే వస్తుంది, డివైస్‌_డెస్ట్రాయ్‌తో పోతుంది.

నాకు అసలు టెన్షన్ మాడ్యూల్ దించే ఆర్‌ఎంమాడ్ దగ్గరే. తీసుకున్న నంబర్ తిరిగి ఇవ్వడం మరిచిపోతే, స్థిర నంబర్ అయితే రెండో ఇన్‌స్‌మాడ్‌కే బిజీ అని తెలిసిపోతుంది. డైనమిక్ (కెర్నల్ ఇచ్చే నంబర్) అయితే ఆ తప్పు దాక్కుంటుంది: మాడ్యూల్ హాయిగా లోడ్ అవుతుంది, కానీ నంబర్ ఒక్కోటీ తగ్గుతుంది. మూడుసార్లు ఎక్కించి దించి /ప్రాక్/డివైసెస్ చూడండి. అదే పేరు మూడు వరుసల్లో ఉంటే ఎగ్జిట్ ఫంక్షన్‌లో లోపం ఉన్నట్టే. డివైస్‌ని కెర్నల్ జాబితా నుంచి తీసేసే సీడెవ్‌_డెల్ మరిచిపోతే ఇంకా ప్రమాదం. ఆ తర్వాత నోడ్ తెరిస్తే కెర్నల్ ఖాళీ చేసేసిన మెమరీలోకి వెళ్లి ఊప్స్ (కెర్నల్ లోపలి తప్పు సందేశం) కొడుతుంది.

చేత్తో పెట్టిన నోడ్‌తో ఇంకో చిక్కు. మాడ్యూల్ దించాక ఆ నంబర్ వేరే డ్రైవర్‌కి వెళ్లొచ్చు. పాత నోడ్‌కి 666 (అందరూ చదవొచ్చు, రాయొచ్చు) పర్మిషన్ ఇచ్చి ఉంటే, ఇప్పుడు ఆ కొత్త డ్రైవర్ ఎవరికైనా తెరుచుకుంటుంది.

రూట్‌షెల్:
డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ మాట ఒప్పుకుంటాను. మరి కంటైనర్ల సంగతేంటి? కంటైనర్ ఏ డివైస్‌లు తెరవొచ్చో చెప్పే డివైస్ సీగ్రూప్‌లో అనుమతి మేజర్, మైనర్ (ఒకే మేజర్ కింద ఏ డివైసో చెప్పే) నంబర్లతోనే ఇస్తాం, పేరుతో కాదు. నంబర్ మారితే ఆ అనుమతి ఇంకో డివైస్‌కి వెళ్లిపోదా?

బిట్‌మాస్క్:
వెళ్తుంది, అందులో అనుమానం లేదు. స్థిర నంబర్‌కి నిజమైన బలం అక్కడే ఉంది. అందుకే మేజర్‌ని మాడ్యూల్ పారామీటర్‌గా పెట్టి డిఫాల్ట్ సున్నా ఉంచమంటాను. సున్నా అయితే కెర్నల్ ఇస్తుంది. నంబర్ కచ్చితంగా కావాల్సినచోట ఆ మెషీన్ చూసుకునేవాళ్లే మాడ్యూళ్లను ఎక్కించే మోడ్‌ప్రోబ్ కాన్ఫిగ్‌లో రాసుకుంటారు. అక్కడ ఏ నంబర్ ఖాళీగా ఉందో వాళ్లకే తెలుసు, డ్రైవర్ రాసినవాళ్లకి తెలియదు. డైనమిక్‌గానే ఉంచితే, డ్రైవర్ మళ్లీ ఎక్కించినప్పుడల్లా కెర్నల్ డివైస్ వివరాలు ఉండే /సిస్‌లో కొత్త నంబర్ చదివి కంటైనర్‌ని తిరిగి మొదలుపెట్టాలి.

కొత్తమాడ్యూల్ గారూ, మీకు ఎన్ని డివైస్‌లు కావాలి? ఒక్కటే అయితే ఇదంతా అక్కర్లేదు. చిన్న డివైస్‌లు ఒకే మేజర్ పంచుకునేందుకు ఉన్న మిస్క్‌_రిజిస్టర్ వాడండి. మేజర్ ఎప్పుడూ 10, మైనర్ కెర్నల్ ఇస్తుంది, నోడ్ కూడా అదే చూసుకుంటుంది.

కొత్తమాడ్యూల్:
ఒక్కటేనండీ. ఆ మెషీన్‌లో 240 దగ్గర డైనమిక్‌గా వచ్చిన వేరే డ్రైవర్ పేరే ఉంది. మిస్క్‌కి మారుస్తున్నాం. మూడుసార్లు ఎక్కించి దించే పరీక్ష మా పాత కోడ్ మీద కూడా నడిపి చూస్తాను.