గోల్ఫ్‌లో చిప్ (గ్రీన్ దగ్గర్నుంచి కొట్టే చిన్న షాట్) కొడితే క్లబ్ నేలలో దిగబడుతుంది, లేదంటే బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దాటిపోతుంది. లాబ్ వెడ్జ్ (బంతిని బాగా పైకి లేపే క్లబ్) కొనాలా?

హన్మకొండ హ్యాండిక్యాప్:
వీలు చిక్కినప్పుడు కాజీపేటలో పొద్దున రైలెక్కి హైదరాబాద్ పోయి ఆడొస్తాను, మిగతా రోజుల్లో మా కాలనీ పక్కన ఖాళీ ప్లాటే గ్రౌండ్. డ్రైవర్ (దూరం కొట్టే క్లబ్) పర్వాలేదు, ఐరన్లు (మధ్య దూరాల క్లబ్‌లు) ఓ మాదిరిగా పడుతున్నాయి, గ్రీన్ దగ్గరికి వస్తేనే టెన్షన్. ఇరవై గజాల చిప్ ఒకసారి బంతి వెనకే నేలలో దిగబడి బంతి నా కాళ్ల ముందే ఉంటుంది, ఇంకోసారి క్లబ్ అంచు బంతి నడుముకు తగిలి బంతి గ్రీన్ అవతల పడుతుంది. ఇప్పుడున్నది ముఖం 56 డిగ్రీలు వాలి ఉండే శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి కొట్టే క్లబ్). 60 డిగ్రీల లాబ్ వెడ్జ్ తీసుకుంటే బాగుపడుతుందా అన్నా?

కాజీపేట జంక్షన్:
పైసలు దాచుకో తమ్మీ. నువ్వు చెప్పిన రెండూ ఒకటే రోగం. బంతిని లేపాలని చివర్లో మణికట్టు తిప్పి ఎత్తుతున్నావు, బరువు వెనక కాలు మీదికి పోతుంది, ఊపులో క్లబ్ బంతిని చేరకముందే అట్టడుగుకు వస్తుంది. అక్కడ నేల తగిలితే ఫ్యాట్, తగలకుండా పైకి లేస్తూ వస్తే థిన్. లేపే పని ఆ 56 డిగ్రీల ముఖం చూసుకుంటది, నీకెందుకు? కాళ్లు దగ్గరగా పెట్టు, బరువు మొదటినుంచి చివరిదాకా ఎడమ కాలు మీదే ఉండనీ, చేతులు బంతికి కొంచెం ముందు. (ఎడమచేతి వాటమైతే తిరగేసి చదువుకో.) బంతికి జానెడు వెనక తువ్వాల మడిచి పెట్టి కొట్టు. తువ్వాల కదిలిందంటే మళ్లీ ఎత్తుతున్నట్టే.

మానేరు ఒడ్డు:
పై మాట కరెక్టే గానీ, అసలు ప్రతి చిప్‌కూ వెడ్జ్ ఎందుకు? శాండ్ వెడ్జ్ అడుగున ఉండే బౌన్స్ (గుండ్రటి ఉబ్బు) ఇసుకలో కూరుకుపోకుండా పెట్టింది. ఎండాకాలంలో మన దిక్కు మొరం నేల ఎట్లుంటదో తెలుసుగదా, దాని మీద ఆ అడుగే ఎదురుతన్ని అంచు బంతికి తగులుతుంది. ప్లాట్‌లో పడే థిన్లన్నీ నీ ఖాతాలో రాసుకోకు. మధ్యలో బంకరో (ఇసుక గుంత) మామూలు గుంతో లేకపోతే 8 ఐరన్ తీసి పుట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్) కొట్టినట్టు కొట్టు. గాలిలో ఒక వంతు పోతే సుమారు మూడు వంతులు దొర్లుతుంది, శాండ్ వెడ్జ్‌తో దాదాపు సగం సగం. గ్రీన్ వాలును బట్టి లెక్క మారుతుందనుకో. ముందు బంతి ఎక్కడ దిగాలో చూసుకో, హోల్ దగ్గరి జెండాను తర్వాత చూద్దువు.

హన్మకొండ హ్యాండిక్యాప్:
8 ఐరన్ సంగతి తట్టనే లేదు, థాంక్సన్నా. మేడ మీద మ్యాట్ వేసుకొమ్మంటున్నాడు ఒక ఫ్రెండ్, నడుస్తుందా? బంకర్ ప్రాక్టీస్‌కు ఇక్కడ దారేమన్నా ఉందా?

కాజీపేట జంక్షన్:
చిప్‌కు మ్యాట్ వద్దు. బంతి వెనక తగిలినా క్లబ్ జారి ముందుకు పోతుంది, షాట్ బాగుందనిపిస్తుంది, కోర్సులో అదే షాట్ ఫ్యాట్. ఇసుకకేం తక్కువ, ఇల్లు కడుతున్న చోట అడుగు. కుప్పను చదును చేసి, బంతికి రెండంగుళాల వెనక గీత గీసి, క్లబ్ ముఖం కొంచెం తెరిచి ఆ గీత మీదే కొట్టు, ఇసుకతోపాటే బంతి లేస్తుంది. ఆటలో మాత్రం గీత గీయడం కాదుగదా, కొట్టేముందు క్లబ్‌ను బంతి వెనక ఇసుకకు ఆనించినా రెండు స్ట్రోకుల పెనాల్టీ. పోయేటప్పుడు ఇసుక మళ్లీ కుప్ప చేసి పో, లేకుంటే మేస్త్రీ రెండోసారి రానియ్యడు.