డేటా ఎక్కించడానికే టైమంతా పోతోంది, దాన్ని వాడుకునేదెప్పుడు? మా స్కూల్ కాంప్లెక్స్‌లో ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు?

కాంప్లెక్స్_హెచ్చెమ్_వైజాగ్:
అందరికీ నమస్కారమండి. వైజాగ్ జిల్లాలో ఒక స్కూల్ కాంప్లెక్స్ (ఒక హైస్కూల్, దాని కింద చుట్టుపక్కల బళ్ళ గుంపు) హెచ్చెమ్‌ని, ఈ జూన్లోనే ఛార్జ్ తీసుకున్నాను. మా హైస్కూల్ కాక డజను దాకా చిన్న బళ్ళున్నాయి, కొన్ని సముద్రం ఒడ్డున జాలరిపేటల్లో, కొన్ని హైవేకి ఇవతల పూలతోటల వైపు. మొన్న మీటింగులో ఒక పెద్దాయన "ఇకమీదట ఏ నిర్ణయమైనా డేటా చూసే తీసుకోవాలి, ఆ కల్చర్ రావాలి" అన్నారు, అందరం తలూపి టీ తాగి వచ్చేశాం.

అసలు మాకు డేటాకేం కరువు చెప్పండి. పొద్దున్నే అటెండెన్స్ యాప్‌లో, భోజనం ఎంతమంది తిన్నారు, ఎఫ్‌ఏ (మధ్యమధ్య చిన్న పరీక్షల) మార్కులు, ఎస్‌ఏ (పెద్ద పరీక్షల) మార్కులు, యూడైస్ (దేశంలో బళ్ళన్నిటి వివరాలుండే పోర్టల్), పిల్లాడికొకటి చొప్పున అపార్ ఐడీ నంబర్లు... నెట్ రాకపోతే ఫోన్ పట్టుకుని మేడెక్కి మరీ ఎక్కిస్తున్నాం. ఇంత ఎక్కించినా దాన్ని మళ్ళీ తెరిచి చూసిన మాస్టారు ఒక్కరు కనపళ్ళేదు, నాతో సహా. పైకి పంపేశాం, మన పనైపోయింది, అంతే. నాకు కొత్త యాప్ వద్దు, కొత్త ఫార్మాట్ అసలే వద్దు. ఉన్నదాన్ని మా టీచర్లు చూసుకుని పాఠం మార్చుకునేలా చెయ్యాలంటే ఎలాగ?

రిటైర్డ్_తెలుగు_మాస్టారు:
బాబూ, ఆ కల్చర్ అనే మాట పక్కన పెట్టెయ్. ఒక్క ప్రశ్న తీసుకో. ఐదో తరగతిలో రెండో తరగతి పాఠం చదవలేని పిల్లలు ఎవరు? ఎంతమంది అని అడక్కు, ఎవరు అని అడుగు. ఎంతమంది అంటే మాస్టారు ఒక అంకె చెప్పి తప్పించుకుంటాడు, ఎవరు అంటే పేర్లు చెప్పాలి కదా, పేరు నోటికొచ్చాక మర్చిపోవడం కష్టం.

ప్రథమ్ సంస్థ వాళ్ళు 2005 నుంచి అసర్ సర్వే చేస్తున్నారు, వాళ్ళ పద్ధతి కంటే సులువైంది నేను చూళ్ళేదు. ఒక్క కాగితం మీద అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లాణ్ణి పక్కన కూచోబెట్టుకుని చదివించడమే, నాలుగైదు నిమిషాల్లో ఎక్కడ ఆగాడో తెలిసిపోతుంది. లెక్కలకీ అంతే, అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, భాగహారం. పరీక్ష పేపరులో పక్కోడిది చూసి రాయొచ్చు గానీ పక్కోడి నోటితో చదవలేడు కదా. ఆ తర్వాత రోజూ ఒక గంట ఎవరిది ఏ తరగతి అన్నది పక్కన పెట్టేసి, ఎవరు ఎక్కడున్నారో ఆ గుంపుగా కూచోబెట్టు. నెల తర్వాత మళ్ళీ అదే కాగితం. ఆ జాబితా మాత్రం గోడకి అంటించొద్దు నాయనా, బీరువాలో పెట్టుకో. "వీడింకా అక్షరాల్లోనే ఉన్నాడు" అని తోటి గుంటలు ఒకసారి నవ్వితే మర్నాడు వాడు బడికి రాడు.

లెక్కల_మేడమ్_పెందుర్తి:
మాస్టారు చెప్పింది నిజమే గానీ సార్, టీచర్లు ఎందుకు చూడరో నేను చెప్తాను. ఇదివరకు వేరే చోట పనిచేసినప్పుడు నా క్లాసులో సగం మందికి అరువు తెచ్చుకునే తీసివేతలు రావని ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను, వారం తిరక్కుండా సంజాయిషీ ఇమ్మని మెమో! పక్క బడిలో అందరికీ అన్నీ వచ్చేశాయని రాసినావిడకి చప్పట్లు. ఇక ఆ తర్వాత ఏ ఫారంలో ఏం రాసుంటానో మీరే ఊహించుకోండి. మీ కాంప్లెక్స్‌లో మొదటి మీటింగులోనే "ఈ అంకెలు చూసి ఎవరికీ మెమో రాదు, నా టేబుల్ దాటి పైకి పోవు" అని చెప్పగలరా? చెప్పి నిలబడగలరా? లేదంటే మీకొచ్చే డేటా అంతా పండగ ముగ్గులా ఉంటుంది, చూడ్డానికి బానే ఉంటుంది.

ఇంకో మాట. 2024 డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు ఒక తల్లికి పిల్లాడి గ్రేడులున్న ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తే, అటూ ఇటూ తిప్పి "బి అంటే ఏటి మేడమ్, మావోడికి సదవడం వచ్చినట్టా రానట్టా" అంది. నా దగ్గర జవాబు లేదు, అప్పటికప్పుడు వాడిచేత రెండు లైన్లు చదివించాను. ఆవిడకి అర్థమైంది, నాకూ అర్థమైంది.

అమెరికా_అక్క_ఎంవీపీ:
మాది ఎంవీపీ కాలనీయే, ఇప్పుడు ఇక్కడ ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేస్తున్నాను. డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా అనుకోకండి, ఒక ఊరిదో కొన్ని ఊళ్ళదో బడులన్నీ కలిపి చూసుకునే బోర్డు, దానికో సూపరింటెండెంట్. పెందుర్తి మేడమ్ గారు చెప్పిన భయం ఎంతదాకా పోతుందో తెలియాలంటే అట్లాంటా కథ వినండి. టెస్టు స్కోర్ల మీదే ఉద్యోగాలూ బోనస్‌లూ ఆధారపడేసరికి టీచర్లే పిల్లల జవాబులు చెరిపి దిద్దేశారు. 2011లో స్టేట్ వాళ్ళ విచారణలో చూసిన 56 బడుల్లో 44 చోట్ల మోసం జరిగిందని, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళకి అందులో చెయ్యుందని తేలింది. 2015లో కోర్టు 11 మందిని దోషులని కూడా అంది. అంతకుముందు దాకా అది దేశానికే ఆదర్శమని పొగిడిన డిస్ట్రిక్టండీ!

మరి బాగా నడిచేచోట ఏం చేస్తారంటే, ఒకే తరగతి చెప్పే టీచర్లు వారానికోసారి కూచుంటారు, ఎవరి క్లాసుకి ఎంతొచ్చింది అనేది ఎత్తరు. ఏడో ప్రశ్న ఇంతమంది తప్పారు, ఏ తప్పు జవాబు రాశారు, ఎందుకు రాశారు, ఇదే చర్చ. మీ కాంప్లెక్స్ మీటింగులు ఎలాగూ ఉన్నాయి కదా, అందులో ఒక గంట దీనికివ్వండి, సర్క్యులర్లు చదవడం వాట్సాప్‌లో పెట్టేయొచ్చు.

ఎంఐఎస్_తమ్ముడు:
సార్ నేను ఎంఐఎస్ పని, అంటే బళ్ళ డేటా చూసే పని చేస్తాను, మమ్మల్ని అందరూ తిట్టుకుంటారని తెలుసు 😀 రెండు మూడు మాటలు. ఒకటి, 2022-23 నుంచి యూడైస్‌లో లెక్క పిల్లాడి పేరు వారీగానే ఉంది, మునుపట్లా బడికో మొత్తం కాదు, కాబట్టి ఐదు నుంచి ఆరుకి ఎవరు చేరలేదో పేర్లతో సహా తీయొచ్చు, అడిగితే మేమే తీసిస్తాం, ఎవరూ అడగరు అంతే. రెండోది, పాత సంవత్సరాలతో జిల్లా అంకెలు పోల్చేటప్పుడు చూసుకోండి, 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు విడిపోయాయి, ఏజెన్సీ (కొండల్లోని గిరిజన ప్రాంతం) అంతా అటు పోయింది. ఇది మర్చిపోయి "మన జిల్లాలో హాజరు పెరిగింది" అని స్లైడు వేసినవాళ్ళని చూశాను. ఇక అటెండెన్స్ నెల సగటు అస్సలు చూడొద్దు, వారంలో ఏ రోజు తగ్గుతోందో చూడండి. కుదిరితే వంట చేసే ఆవిడ దగ్గర కంచాల లెక్క ఉంటుంది, పక్కన పెట్టి చూడండి, సరదాగా ఉంటుంది.

కాంప్లెక్స్_హెచ్చెమ్_వైజాగ్:
తమ్ముడూ, సరదాగా ఉంటుందన్నావు, మూడు రోజుల్నించి నిద్ర పట్టడం లేదు. పూలతోటల వైపు బడి ఒకటి తీశాను. శ్రావణమాసంలో గురు, శుక్రవారాలు హాజరు పడిపోయింది. సరేలే పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ పోయారనుకున్నాను. తీరా వంటావిడ నోటుబుక్కు చూస్తే ఆ రోజుల్లో కంచాలు హాజరు కంటే ఎక్కువ! ముందు నాకు వేరే అనుమానం వచ్చింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. వెళ్ళి అడిగితే ఆవిడే నవ్వి చెప్పింది, శుక్రవారం పూజలకి పూల గిరాకీ, పిల్లలు తెల్లారకుండా అమ్మానాన్నలతో తోటకెళ్ళి కోసి పదిన్నరకి బడికొస్తారు. అప్పటికి యాప్‌లో ఆబ్సెంట్ పడిపోయింది. భోజనం మాత్రం తింటారు.

ఇందులో అసలు విషయమేంటంటే ఆ బడిలో మొదటి పీరియడ్ లెక్కలు. ఆ పిల్లలే తీసివేతల్లో వెనకబడ్డారని టీచరమ్మ ఏడాదిగా అంటోంది, వాళ్ళకి బుర్ర లేదనుకుంది పాపం. మేడమ్ గారూ, మీరన్నట్టే మెమో మాట ఎత్తనని ముందే చెప్పాను, అందుకే ఆవిడ రిజిస్టరు దాచకుండా ముందు పెట్టింది. సోమవారం నుంచి లెక్కలు మధ్యాహ్నం భోజనమయ్యాక, పొద్దున మొదటి గంట డ్రాయింగు, ఆటలు. అంత చిన్నపిల్లలు తెల్లారకుండా తోటకి పోవడం గురించి తల్లిదండ్రులతో విడిగా మాట్లాడాలి, అది టైంటేబుల్‌తో తీరేది కాదు.

జాలరిపేట బడి లెక్క ఇంకా తియ్యలేదు. మాస్టారూ, మీరు చదివించే ఆ కాగితం ఫొటో ఉంటే బేగి పెట్టండి, సెకండ్ సాటర్డే ముందు జిరాక్స్ తీయించాలి.