ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ అంటే నాలుగేళ్లకు నిజంగా ఎంతవుతుంది?

నమస్కారమండీ. మాది విశాఖ, గాజువాక. మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకి తను కోరుకున్న కంప్యూటర్ సైన్స్ కన్వీనర్ కోటాలో దొరికేలా లేదు. ఇక్కడే ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ల సొంత పరీక్షలో సీటు వచ్చింది. ఈ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, ఆ సంగతి తెలుసు.

వాళ్లిచ్చిన కాగితంలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 2,80,000 అని ఒక్క లైనే ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'ఇతర ఫీజులు అదనం' అని రాశారు. ఎంతని అడిగితే చేరాక చెబుతామన్నారు. నిన్న రాత్రి అమ్మాయి పాత నోట్‌బుక్ చివరి పేజీలో లెక్క వేశాం. ట్యూషన్ ఫీజు ఏటా 5 శాతం పెరిగినా నాలుగేళ్లకు 12 లక్షలు దాటుతోంది. బస్సు, పరీక్ష ఫీజు, డిపాజిట్, ల్యాప్‌టాప్ ఇంకా కలపలేదు. ఆ పేజీ చూసి పిల్ల "వద్దులే నాన్నా" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

మీ పిల్లలు ఇలా చదువుతుంటే దయచేసి చెప్పండి: మొదటి ఏడాది మొత్తం ఎంత కట్టారు? తర్వాత ఫీజు పెంచారా? ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కి విడిగా తీసుకున్నారా? ఎడ్యుకేషన్ లోన్‌కి చదువుతున్నప్పుడూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కదా, ఆ వడ్డీ నెలనెలా కట్టేస్తే మేలా? శుక్రవారం లోపు సీటు ఖాయం చేసుకోవాలి.