సింగిల్ మాల్ట్‌తో కాక్‌టెయిల్ కలిపితే తప్పేంటి?

వెన్నెల:
నేను ఎప్పుడో ఒకసారి ఒకటీ రెండు పెగ్గులు తాగే మనిషిని. ఈ మధ్య విస్కీ గురించి తెలుసుకోవాలనిపిస్తోంది. నీట్‌గా, అంటే ఏమీ కలపకుండా తాగితే గొంతు మంట తప్ప ఏమీ తెలియలేదు. అదే బోర్బన్ అనే అమెరికన్ విస్కీని నిమ్మరసం, చక్కెర పాకంతో విస్కీ సవర్‌గా తాగినప్పుడు వెనిల్లా వాసన, కాలిన చెక్క వాసన విడివిడిగా తెలిశాయి. ఓల్డ్ ఫ్యాషన్డ్ ఇంకా నచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఒక సింగిల్ మాల్ట్ ఉంది. దాంతో రాబ్ రాయ్ కలుపుదామని ఉంది, అంటే స్కాచ్ (స్కాట్లాండ్ విస్కీ), తీపి వెర్మూత్ (మూలికలు వేసిన వైన్), రెండు చుక్కల బిట్టర్స్ (మూలికల చేదు సారం). ఈ మాట ఎవరితో అన్నా వద్దంటే వద్దంటున్నారు. కారణం మాత్రం ఎవరూ చెప్పరు.

పీట్‌పొగ:
నేను చెప్తాను. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో, పాట్ స్టిల్ అనే రాగి బట్టీ పాత్రలో తీసినది. చట్టం ప్రకారం కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉండాలి, చాలావరకు 10, 12 ఏళ్లు ఉంచుతారు. అంతకాలం ఆగి తెచ్చిన రుచి మీద చక్కెర, మూలికలు ఉన్న వెర్మూత్ పోస్తే మిగిలేది వెర్మూతే. కాక్‌టెయిల్ కావాలంటే పలు విస్కీలు కలిపి చేసే బ్లెండెడ్ స్కాచ్ ఉంది, బోర్బన్ ఉంది. మాల్ట్ మాత్రం నీట్‌గా తాగడం నేర్చుకోండి. నాలుకకు కాస్త టైమ్ ఇవ్వాలి.

సోడాబుడ్డి:
సీసా ఆవిడది, గ్లాసు ఆవిడది. ఇందులో చర్చేముంది?

వెన్నెల:
పీట్‌పొగ గారూ, బోర్బన్ తీసేవాళ్లది కష్టం కాదా? అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. దాన్ని కలపొచ్చు, మాల్ట్‌ను కలపకూడదా? పైగా కాక్‌టెయిల్ ఉన్నది నాసిరకం మందు దాచడానికే అన్నట్టు మాట్లాడుతున్నారు. 1806లో ఒక అమెరికన్ పత్రిక కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అని రాసింది. ఓల్డ్ ఫ్యాషన్డ్ ఇప్పటికీ దాదాపు అంతే. అందులో విస్కీ ఎక్కడ దాక్కుంది? పెనిసిలిన్ అనే కాక్‌టెయిల్ చూడండి. 2005లో న్యూయార్క్‌లో శామ్ రాస్ కలిపినది. నిమ్మ, తేనె, అల్లం ఉన్నా పైన ఐలా అనే స్కాట్లాండ్ దీవి మాల్ట్ తేలుతుంటుంది, ముక్కుకు ముందు తగిలేది ఆ పొగ వాసనే.

పీట్‌పొగ:
మీ ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది. పెనిసిలిన్‌లో అడుగున ఉండేది బ్లెండెడ్ స్కాచ్. మాల్ట్ పైన ఒక చెంచా పాటి, అంతే. కలిపినాయనకు దేన్ని ఎక్కడ వాడాలో తెలుసు.

వెన్నెల:
చెంచా అయినా మాల్టే కదా!

పీట్‌పొగ:
చెంచాకీ పెగ్గుకీ తేడా లేదా?

ఓక్‌పీపా:
చెంచా గొడవ కాసేపు ఆపండి. 'నీట్' అని మనం అనుకునేది కూడా కలిపినదే. పీపాలోంచి వచ్చేటప్పుడు 55, 60 శాతం ఆల్కహాల్ ఉండే స్పిరిట్‌కు నీళ్లు కలిపి 40, 43, 46కి దించి సీసాల్లో నింపుతారు. బ్లెండర్లు వాసన చూసేటప్పుడు 20 శాతం దగ్గరికి పలుచన చేస్తారు. 2017లో స్వీడన్ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్‌లో లెక్కగట్టి చూశారు. పొగ వాసనకు కారణమైన గ్వాయకోల్ అనే పదార్థం, ఆల్కహాల్ 45 శాతం లోపు ఉంటే ఎక్కువగా ద్రవం పైభాగాన చేరుతుంది, 59 దాటితే లోపలే ఉండిపోతుంది. వెన్నెల గారికి మంట తప్ప ఏమీ తెలియలేదంటే తప్పు నాలుకది కాకపోవచ్చు. ఒక చెంచా నీళ్లు పోసి చూడండి.

పీట్‌పొగ:
నీళ్లకు నేను అడ్డం చెప్పలేదు, నేనూ పోసుకుంటాను. నీళ్లు వేరు, వెర్మూత్ వేరు. మా అన్నయ్య నాకు ఇచ్చిన సీసా ఒకటి దాచుకున్నాను. నేను లేనప్పుడు స్నేహితులు దాన్ని కోలాలో పోసుకుని ఖాళీ చేశారు. ఎలా ఉందని అడిగితే ఏం తాగారో కూడా చెప్పలేకపోయారు. 'మీ సీసా మీ ఇష్టం' అనే మాట వినగానే నాకు అదే గుర్తొస్తుంది.

వెన్నెల:
అది దొంగతనం. ఆ కోపం వాళ్ల మీద చూపించండి. నేను నా సీసా గురించి అడిగాను.
ఇక 'నేర్చుకోండి' అన్నారు కాబట్టి చెప్తున్నా. ఒక పార్టీలో నేను విస్కీ సవర్ అడిగితే, జ్యూస్ తాగేవాళ్లకు విస్కీ ఎందుకని ఒకాయన అందరి ముందూ అన్నాడు. నా ముందు నీట్ పెగ్గు పెట్టి, తాగేదాకా అందరూ చూస్తూ కూర్చున్నారు. అక్కడ రుచి ఎవరికి కావాలి? ఆడదానివి, తట్టుకోగలవా లేదా అని పరీక్ష. నీట్ గొప్పతనం గురించి ఎవరు మొదలుపెట్టినా నాకు చివరికి ఆ పరీక్షే కనిపిస్తోంది.

సోడాబుడ్డి:
అలాంటి పార్టీలు నేనూ చూశాను. అసహ్యం.

పీట్‌పొగ:
అలా చేసినవాళ్లను నేను సమర్థించను. ఒకరితో బలవంతంగా తాగించడం నీచం. కానీ నా భయం ఇంకొకటి ఉంది, అదీ చెప్తాను. తీపి, పులుపు కలిస్తే ఎంత తాగుతున్నామో తెలియదు. మా ఇంట్లో ఒక మనిషి అలా లెక్క తప్పి చాలా దూరం పోయారు. నీట్‌లో మంటే మనల్ని ఆపుతుంది. పెగ్గు ముందు పెట్టుకుని గంటసేపు కూర్చోగలం. 40 శాతం మాల్ట్ 60 మి.లీ. పోస్తే అందులో అసలు ఆల్కహాల్ 24 మి.లీ. మాన్‌హాటన్ అనే కాక్‌టెయిల్‌లో 45 శాతం రై విస్కీ 60 మి.లీ., వెర్మూత్ 30 మి.లీ. పోస్తే 32 దాకా వెళ్తుంది. తాగేటప్పుడు మాత్రం అదే తేలికగా అనిపిస్తుంది.

వెన్నెల:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు. ఇదైతే వింటాను. కానీ లెక్క ఆ ఒక్క డ్రింకుతో ఆగకూడదు. 30 మి.లీ. విస్కీకి గ్లాసు నిండా సోడా పోసిన హైబాల్‌లో ఉండేది 12 మి.లీ. దాన్నీ గంటసేపు తాగొచ్చు. ఇంకో సంగతి, కాక్‌టెయిల్‌కు జిగ్గర్ అనే కొలత గిన్నెతో కొలవాలి, లేకపోతే రుచి చెడుతుంది. నీట్ తాగేవాళ్లలో కొలిచి పోసుకునేవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు, సీసా వంచడమే. భయపడాల్సింది కొలత లేకపోవడానికి.

ఓక్‌పీపా:
కొలత విషయంలో వెన్నెల గారితో ఏకీభవిస్తాను. తీపి మంటను కప్పేస్తుందనేది కూడా నిజమే, దాన్ని కొట్టిపారేయకండి.

పీట్‌పొగ:
ఆ మాల్ట్ ఏ పీపాలోది? షెర్రీ అనే స్పానిష్ వైన్ పీపాలోదైతే ఎండుద్రాక్ష రుచి ఉంటుంది, వెర్మూత్‌తో పొసగొచ్చు. పొగ ఎక్కువున్నదైతే తీపి వెర్మూత్‌తో కొట్టుకుంటుంది. షేక్ చేయకండి, ఐస్ వేసి గరిటెతో తిప్పండి. నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఆ సీసా మూత తీసిన రోజు మొదటి పెగ్గు నీళ్లతోనే తాగాలి.

వెన్నెల:
లేబుల్ మీద షెర్రీ పీపా అనే ఉంది. 30 మి.లీ. కొలిచి రాబ్ రాయ్ కలుపుతాను, పక్కన ఇంకో 15 నీళ్లతో పెట్టుకుంటాను. ముందు ఏ గ్లాసు ఎత్తాలన్నది మాత్రం నేనే తేల్చుకుంటాను.

పీట్‌పొగ:
నీళ్లతో ఉన్నదే ముందు. వెర్మూత్ తాగాక మాల్ట్ రుచి నాలుకకు అందదు.